నంబరు ఫోటో

రైల్వేలో పనిచేసి బిలాస్‌పూర్‌లోనే స్థిరపడిన మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళ ఇళ్ళకి వెళితే ముందుగదిలో ముందు కనిపించేది దేవుడి పటం కాదు, నంబరు ఫోటో. ఇంట్లో ఎవరైనా ఇంజను డ్రైవరుగా చేసి దిగిపోతే ఆయన పేర గోడమీద అది ఉండి తీరాలి. ఆఖరి డ్యూటీ నాడు రైలు ప్లాట్‌ఫారం మీద ఆగాక ఆయన బంతిపూల దండ వేసుకుని ఇంజను మెట్ల పక్కన నిలబడతాడు. కుడిచెయ్యి మెట్ల కడ్డీ మీద ఉంటుంది, ఎడమపక్క భార్య ఉంటుంది, ఇద్దరి తలల పైన ఇంజను నంబరు కనబడుతుంది. మొహాలు కాస్త మసకబారినా సర్దుకుంటారు గానీ, నంబరులో ఒక్క అంకె ఎవరి తల చాటునో పడిందంటే ఆ ఇంట్లో పదేళ్ళు అదే మాట.

కనకం భర్త రమణమూర్తి అలాంటి ఫోటోలు అరవై మూడు తీశాడు. ఆయన మాత్రం డ్రైవరు కాదు. గూడ్సు పెట్టెలు బాగుచేసే ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే దిగిపోయాడు. దిగిపోయిన రోజున షెడ్డులో ఒక శాలువా, ఒక గోడ గడియారం ఇచ్చి పంపారు. "నీ ఫోటో ఏదోయ్" అని ఎవరైనా అడిగితే, "నాకు ఇంజనెక్కడిదిరా, నంబరుండడానికి" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు ఎంతవరకు నిజమో కనకానికి తెలుసు. తెలిసినా ఎప్పుడూ కదపలేదు.

కనకం పుట్టింది రైల్వే క్వార్టరులో, చదివింది రైల్వే బడి తెలుగు సెక్షన్లో, కాపురానికి వచ్చింది ఇంకో రైల్వే క్వార్టరుకి. ఇప్పుడు దయాల్‌బంద్‌లో రెండు గదుల సొంత ఇల్లు, పైన డాబా, డాబా నిండా వడియాలు. అరవై మూడేళ్ళ మనిషి. మోకాళ్ళు తప్ప ఇంకే ఫిర్యాదూ లేదు. రెండేళ్ళ కిందట తమ్ముడి కూతురు భవిత కొత్త ఫోను కొనుక్కుని పాతది అత్తకిచ్చింది. అప్పటినుంచి కనకం కంటికి కనబడిందల్లా ఫోటో తీస్తోంది. ఆరబెట్టిన వడియాలు, వాటిని కాజేయడానికి వచ్చి గోడమీద కూర్చున్న పిల్లి, గ్యాస్ బండ మీద తేదీ, డాక్టరు రాసిన చీటీ, పేపరు మొహంమీద కప్పుకుని నిద్రపోతున్న భర్త.

రమణమూర్తికి ఇదంతా పిల్లలాట. "కెమెరా అంటే ఒక కన్ను మూసుకుని చూసీది. ఫోను అంటే రెండు కళ్ళూ తెరిచి ఏటీ చూడకుండా తీసీది" అనేవాడు. కనకం వింటూనే ఇంకో ఫోటో తీసేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా. వడియాలు తింటున్నప్పుడు మాత్రం ఆయనకి ఆ చేతులు పనికొస్తాయి, అదే చేతులు ఫోను పట్టుకుంటే పనికిరావు.

నవంబరు ఆఖరులో కనకం తమ్ముడు తిరుమలరావు చివరి డ్యూటీ వచ్చింది. అరవై నాలుగో ఫోటో అదే. కానీ మిగతా అరవై మూడూ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ముప్పై ఆరేళ్ళ కిందట కనకం తండ్రి అప్పారావు కూడా డ్రైవరుగానే దిగిపోయాడు. కొత్తల్లుడు రమణమూర్తి అప్పుడే కెమెరా కొన్నాడు. మామగారి ఫోటో నేనే తీస్తానన్నాడు. దండ, మెట్లు, నంబరు, అన్నీ చూసుకుని పన్నెండుసార్లు నొక్కాడు. గోల్ బజార్‌లో ఫిల్ము కడిగిన షాపతను ఏమీ పడని ఖాళీ పట్టీ చేతిలో పెట్టాడు. రీలు అంచు లోపల పళ్ళకి తగులుకోలేదు, కెమెరాలో అంకెలు తిరిగాయి గానీ రీలు తిరగలేదు. అప్పారావు మంచి మనిషి, నవ్వేశాడు. "పోన్లే బాబూ, బండి తోలింది నాను. నాకు గుర్తుంది కదా" అన్నాడు. రెండేళ్ళు తిరక్కుండా ఆయన పోయాడు.

ఫోటో కోసమని కనకం తల్లి అచ్చియమ్మ ముందే గోడకి మేకు కొట్టించి ఉంచింది. కుదుదండ్‌లోని ఆ ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ మేకు తీయనివ్వలేదు. కేలండరు కూడా తగిలించనివ్వలేదు. అల్లుణ్ణి ఒక్కమాట అనలేదు. అనకపోవడమే ఆయనకి కష్టమైంది. ఆ ఇంటికి వెళితే రమణమూర్తి ఎప్పుడూ ఆ గోడకి వీపు పెట్టుకునే కూర్చుంటాడు.

అప్పటినుంచి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నంబరు ఫోటో తీసేరోజు పొద్దున్న తలస్నానం చేసి, ఫిల్ము రీలు సింహాద్రి అప్పన్న పటం ముందు పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, బయల్దేరేముందు తనే తీసి కెమెరాలో ఎక్కించేవాడు. ఫిల్ములు పోయి డిజిటల్ కెమెరా వచ్చాక రీలు బదులు గోరంత కార్డు. మిగతాదంతా మామూలే. ఇంకో పద్ధతి కూడా ఉంది. తీసిన ఫోటో కెమెరా వెనకాల అద్దంలో చూసుకోడు. మర్నాడు షాపులో కాగితం మీదే చూస్తాడు. ముందే చూసుకుంటే దిష్టి అని ఆయన నమ్మకం. దానికితోడు ఇప్పుడు కుడికంట్లో శుక్లం. చలి తగ్గాక ఆపరేషను చేయిస్తానని కొడుకు అన్నాడు. ఫోటో తీయడానికి వాడేది ఆ కన్నే. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని కనకం చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఈసారి మేకు నిండిపోవాల" అన్నాడు ఆ పొద్దున్న కార్డుకి బొట్టు పెడుతూ.

రైలు మూడు నలభైకి రావాలి. మూడింటికి బయల్దేరితే చాలు. రెండున్నరకి ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుండగా భవిత ఫోను చేసింది.

"అత్తా, ట్రైన్ బిఫోర్ టైమ్ చల్ రహీ హై. ఇరవై నిమిషాలు ముందే వచ్చేస్తుంది. మావయ్యని జల్దీ తీసుకురా."

నలభై ఏళ్ళు రైల్వేలో పనిచేసిన మనిషి రైలు ఆలస్యమైతే ఏం చెయ్యాలో బాగా తెలుసుకున్నాడు గానీ, ముందొస్తే ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. కెమెరా సంచి భుజాన వేసుకుని, ఇస్త్రీ సగం అయిన చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుంటూనే ఆటో పిలిచాడు.

ప్లాట్‌ఫారం మీద పాతికమంది ఉన్నారు. పాతికమంది చేతుల్లోనూ ఫోన్లు. ఇంజను మెల్లగా వచ్చి ఆగింది. తిరుమలరావు తలుపు తీసుకుని మెట్లు దిగుతుంటే అందరూ ఒక్కసారి మీదపడ్డారు. దండలు, సెల్ఫీలు, ఒకరి చెయ్యి ఇంకొకరి మొహానికి అడ్డం. భవిత పక్కనున్న బంధువులతో కలిసి రంగుల బ్యానరు ఒకటి విప్పి సరిగ్గా నంబరుకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. రమణమూర్తి సంచిలోంచి కెమెరా తీసి గొంతు సవరించుకున్నాడు.

"ఫోన్లన్నీ దించండి. రెండు నిమిషాలు నాకివ్వండి. నంబరు ముందు ఎవరూ ఉండొద్దు."

ఆ గొంతులో ఏముందో గానీ అందరూ పక్కకి జరిగారు. బ్యానరు ముడుచుకుపోయింది. తిరుమలరావు కడ్డీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఆయన భార్య రాజశ్రీ కొంగు సర్దుకుని ఎడమపక్కకి వచ్చింది. నంబరు ఎత్తులో ఉంటుంది కాబట్టి కిందనుంచి తీయాలి. రమణమూర్తి ఒక మోకాలు ఆన్చాడు, అది చాలక రెండోదీ ఆన్చాడు. ప్లాట్‌ఫారం రాయి మీద, తెల్ల చొక్కాలో, పాదాలు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు.

కనకం పొట్టిమనిషి. జనంలో తమ్ముడు కనబడక, సంచి చంకన పెట్టుకుని పక్కనున్న సిమెంటు బెంచీ ఎక్కి నిలబడింది. అక్కడినుంచి అంతా కనబడుతోంది. తమ్ముడు నవ్వాలో ఏడవాలో తెలియనట్టు నిలబడ్డాడు. వాడి ఎదురుగా ఈ మనిషి, కనబడని కన్నుతో, నొప్పి మోకాళ్ళతో, ముప్పై ఆరేళ్ళనాటి రీలుకి ఇవాళ సమాధానం చెప్పుకుంటున్నాడు. ఆవిడకి భర్త మీద ఒక్కసారిగా ప్రేమ ముంచుకొచ్చింది. సంచిలోంచి ఫోను తీసి ఒక్క ఫోటో తీసింది. ఫోన్లు దించమన్నది తనక్కూడా అని గుర్తొచ్చి గబుక్కున లోపల పెట్టేసింది.

కెమెరా టక్కుటక్కున ఆరేడుసార్లు చప్పుడు చేసింది. రమణమూర్తి లేవగానే జనం మళ్ళీ కమ్ముకున్నారు. కాసేపటికి కొత్త డ్రైవరు ఎక్కాడు, ఇంజను కూత వేసి నాగ్‌పూర్ వైపు వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాలు కుదుదండ్‌లో. ఈలోగా దీపం పెట్టి బట్టలు మార్చుకుందామని మొగుడూ పెళ్ళాం ఇంటికొచ్చారు. రమణమూర్తి అరుగుమీద కూర్చుని కెమెరా తుడుచుకుంటున్నాడు. అంత తృప్తిగా ఆయన్ని చూసి చాలా రోజులైంది.

"ఎలాగొచ్చిందో చూడకుండానే చెప్పగలను కనకం. మీ నాన్నది కూడా ఇందులోనే తీసీసినట్టు అనిపించింది నాకు" అన్నాడు.

కనకం లోపలికి వెళ్ళి దీపం వెలిగించింది. వెలుగు అప్పన్న పాదాల మీద పడింది. పాదాల దగ్గర కుంకుమబొట్టుతో కార్డు ఉంది.

ఆవిడ అగ్గిపెట్టె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. ఆ దిక్కుమాలిన కెమెరా కార్డు లేకపోయినా చప్పుడు చేస్తుంది. లేదని వెనకాల అద్దంలో నాలుగు అక్షరాలు వేసి ఊరుకుంటుంది. ఆ అద్దం ఆయన చూడడు, చూసినా ఆ కంటికి ఆనవు. చప్పుడు చెయ్యకుండా కార్డు కెమెరాలో పెట్టేసి, రేపు షాపులో కార్డు పాడైందంటే నమ్మేస్తాడా అని ఒక క్షణం ఆలోచించింది. నమ్ముతాడు. కానీ రీలు సంగతి తెలిసిన మనిషి ఆ షాపుమెట్ల మీద ఒంటరిగా నిలబడడం ఆవిడ ఊహించుకోలేకపోయింది. వినవలసిన మాట ఇంట్లోనే, తన నోటనే వినాలనుకుంది.

టీ పెట్టి, గ్లాసూ కార్డూ రెండూ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"ఏటిది" అన్నాడు రమణమూర్తి. కార్డు చేతిలోకి తీసుకుని, కుంకుమ చూశాడు. కెమెరా మూత తీసి ఖాళీ గాడి వేలితో తడిమాడు. టీ చల్లారిపోయింది.

"మళ్ళీ ఆ ఇంటికేనా" అన్నాడు. "అరవై మూడు ఇళ్ళకి తీసి, ఆ ఇంటికే రెండుసార్లు."

"భవిత ఫోన్లో రెండొందలు తీసిందటండీ."

"నంబరు ముందు బ్యానరు పట్టుకుని తీసింది. నాను చూడలేదనుకున్నావేటి."

అది నిజమే. ఆయన అడిగిన రెండు నిమిషాలే నంబరు ఖాళీగా ఉంది. ఆ రెండు నిమిషాలూ అందరూ ఫోన్లు దించేశారు. ఇంజను చూస్తే ఈపాటికి దుర్గ్ దాటిపోయి ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చింది కనకానికి. తన ఫోన్లోనూ ఒకటుంది. వడియాల ఫోటోలని వెక్కిరించే మనిషికి ఎలా చూపించడం, అందులో నంబరు పడిందో లేదో తనకే తెలీదు.

"నానొకటి తీసేను" అంది చివరికి. "బెంచీ మీంచి. మీరు దించమన్నా దించలేదు."

రమణమూర్తి తలెత్తాడు. "నంబరు ఉందా?"

ఆయన అడిగింది అదొక్కటే. కనకం ఫోను తెరిచి, పిల్లినీ వడియాలనీ దాటించి, ఆ ఫోటో దగ్గర ఆగి, రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఆయన కళ్ళజోడు నెత్తిమీదకి తోసి ఎడమకంటితో ఫోను ముక్కుకి ఆనేలా చూశాడు.

"మూడు. సున్నా. నాలుగు. ఏడు. రెండు." ఊపిరి వదిలాడు. "అయిదూ ఉన్నాయే."

తరవాత అరవై మూడు ఫోటోల కన్నుతో ఒక్కొక్కటీ చూసుకున్నాడు. కడ్డీమీద చెయ్యి ఉంది. రాజశ్రీ ఎడమపక్కనే ఉంది. కాళ్ళు తెగిపోలేదు, ఎండ మొహాల మీదే ఉంది. అలా కిందకి వచ్చేసరికి ఆయన నొసలు ముడిపడింది.

"ఈ బట్టతల ఎవడిదే, అడ్డంగా?"

"అరవై మూడు ఫోటోలు తీసిన పెద్దమనిషిది" అంది కనకం.

కుదుదండ్ ఇంట్లో వంటలు అయిపోయాయి, వడ్డించడమే తరువాయి. రమణమూర్తి నేరుగా అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి, ఎప్పటిలా గోడకి వీపు పెట్టకుండా, మేకు ఎదురుగానే కూర్చున్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళ అచ్చియమ్మకి చెవులు కాస్త మందగించాయి గానీ చూపు బాగానే ఉంది.

"అత్తా, మళ్ళీ అదే జరిగింది" అని మొత్తం చెప్పేశాడు. దేవుడి దగ్గర కార్డు, కంట్లో శుక్లం, ఏదీ దాచలేదు. తిరుమలరావు, రాజశ్రీ గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. "కనకం ఫోన్లో ఒకటుంది. కాపోతే అందులో నాను అడ్డంగా ఉన్నాను."

"బస్, అంతేనా" అంది భవిత. "మావయ్యా, ఇది ఏక్ టచ్ కా కామ్. ఫోన్లో నిన్ను చెరిపేస్తే ప్లాట్‌ఫారం ఒక్కటే ఉంటుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు." అంటూనే అత్త చేతిలోంచి ఫోను తీసుకుంది.

రమణమూర్తి మొహం విప్పారింది. "అలాగవుద్దా? అయితే తీసీ. తొందరగా తీసీ" అన్నాడు. ముప్పై ఆరేళ్ళు కెమెరా వెనకాల ఉన్న మనిషికి ఫోటోలో లేకపోవడమే అలవాటు.

భవిత వేలు అద్దంమీద పెట్టబోయింది. "ఆగు" అంది కనకం. ఆవిడ గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ విన్నది లేదు. "అది నాను తీసిన ఫోటో. నాను తీసింది ఆయన్నే. తమ్ముడూ మరదలూ నంబరూ వెనకాల పడ్డారంతే. ఆయన్ని చెరిపేస్తే ఇంక అందులో నా ఫోటో ఏటుంది?"

అచ్చియమ్మ చెయ్యి చాపితే భవిత ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. అచ్చియమ్మకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. క్వార్టరు నంబర్లూ ఇంజను నంబర్లూ చూసి బతికిన మనిషి. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి పైకి చదివింది. కొడుకు మొహం మీద, కోడలి మొహం మీద వేలు పెట్టింది. తరవాత ఆ వేలు కిందకి వచ్చి, మోకాళ్ళ మీదున్న తెల్ల చొక్కా దగ్గర ఆగింది.

"మీ మావగారిది తీసిననాడు కూడా ఇలాగే మోకాళ్ళ మీద కూకున్నావు బాబూ" అంది. "నీ వెనకాల ఉన్నోళ్ళెవరికీ అది తీయాలని తట్టలేదు. తట్టుంటే ఆ మేకు అన్నాళ్ళు ఖాళీగా ఎందుకుండును. ఉండనీ. ఎవర్నీ తీయకండి."

తిరుమలరావు వచ్చి బావ పక్కన నేలమీద కూర్చున్నాడు. పొద్దున్నించీ పట్టి ఉంచుకున్న నీళ్ళు అప్పుడు కళ్ళల్లోకి వచ్చాయి.

"బావా, ఇంజను లేదు, నంబరు లేదు అనీవోడివి కదా. ఇదిగో, నీదీ నాదీ ఒకటే నంబరు" అన్నాడు.

రమణమూర్తి కండువాతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకోడానికి అదొక మర్యాదైన మార్గం.

మర్నాడు గోల్ బజార్ షాపులో ఎప్పుడూ కార్డు ఇచ్చే మనిషి ఫోను ఇచ్చేసరికి షాపతను ఆశ్చర్యపోయాడు. "అంకుల్, ఫోన్ సే? ఆప్?" అన్నాడు. "మేరా నహీ, మేరీ ఘర్‌వాలీ కా" అన్నాడు రమణమూర్తి, తనది కాదు, తన ఇంటావిడదని. వెనకాల నిలబడ్డ కనకం, గోడలమీదున్న కొత్తజంటల ఫోటోలు చూస్తున్నట్టు మొహం తిప్పుకుంది.

ఫోటోని నల్ల అట్టకి అంటించి, కింద తెల్లరంగుతో సన్నటి కుంచె పట్టి రాయడం కూడా రమణమూర్తి పనే. పేరు, హోదా, తేదీ, నంబరు. అన్ని ఫోటోల్లోనూ కుడివైపు మూలన మరీ చిన్న అక్షరాలతో 'ఫోటో: రమణమూర్తి' అని ఉంటుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన అరుగుమీద ఎడమకంటితో అట్టమీదకి వంగి కూర్చున్నాడు. ఒక్క ముక్క రాయడానికి మామూలుగా పట్టేదానికి రెండింతలు పట్టింది. కనకం డాబామీంచి వడియాల చేట పట్టుకుని దిగి, అట్ట ఎంతవరకూ వచ్చిందోనని వంగి చూసింది.

తిరుమలరావు పేరు ఉంది, తేదీ ఉంది, నంబరు ఉంది. మూలన చిన్న అక్షరాలతో 'ఫోటో: కనకం' అని ఉంది.

రేషను కార్డు మీదా, పింఛను కాగితాల మీదా ఆవిడ పేరు ఎవరెవరో రాశారు. ఆయన చేత్తో ఆయన రాయగా చూడడం ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇదే మొదలు. కనకానికి చెప్పలేనంత సంతోషమేసింది. చేట కింద పెట్టి ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకు" అన్నాడు రమణమూర్తి, తలెత్తకుండానే. "ఇంకా ఆరలేదు."